పప్పు ఉడికే నీళ్లు

పిన్ని పెద్దకర్మకి గుడివాడ నుంచి బస్సులో బందరు వెళ్లాను. సందు మొదట్లోనే షామియానా వేశారు. దాని కింద నీళ్ల క్యాన్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కో క్యాను మీద నీలం కాగితం, ఆ కాగితం మీద మంచుకొండ బొమ్మ. బందర్లో మంచుకొండ! వేసవి వస్తే కుళాయిలో ఉప్పునీళ్లు తప్ప మరేమీ రాని ఊళ్లో ఎవరి చెవిలో పువ్వు పెట్టడానికి ఆ కొండ? నవ్వుకుంటూ దగ్గరికి వెళ్లి కింద ఉన్న పేరు చదివాను. నవ్వు అక్కడితో ఆగిపోయింది. అవి మా పాత ఓనరుగారు పెట్టిన నీళ్ల ప్లాంటు నుంచి వచ్చినవి.

మా ఓనరుగారంటే, పిన్నీ నేనూ ఒకప్పుడు పనిచేసిన కవరింగ్ నగల ఫ్యాక్టరీ ఓనరు. ఆ ఫ్యాక్టరీ బోరు నీళ్లు తాగిన వాళ్లెవరూ ఆయన పేరున్న నీళ్లు నోట్లో పోసుకోరు. పోసుకోకూడదు. ఆ నీళ్లు వచ్చి పిన్ని కర్మ భోజనాలకే దిగాయి.

పిన్ని నాకు చుట్టం కాదు. ఫ్యాక్టరీలో అందరికీ ఆవిడ పిన్నే. నాకన్నా చిన్నపిల్లలకీ పిన్నే, ఆవిడకన్నా పెద్దవాడైన వాచ్‌మన్‌కీ పిన్నే. పుట్టిల్లు దివిసీమ, కోడూరు దాటాక సముద్రం వైపు పల్లె. చేపల వేట మీద బతికే ఇల్లు. ఉప్పెన వచ్చి వెళ్లాక వాళ్ల ఊరి బావులన్నీ ఉప్పుతేలిపోయాయట. ఆవిడ చిన్నతనమంతా బిందె చంకనేసుకుని మంచినీళ్ల కోసం పక్క ఊళ్లు తిరగడంతోనే గడిచింది. అందుకేనేమో, ఆడవాళ్లకి బంగారం మీద ఉండే మోజు ఆవిడకి నీళ్ల మీద ఉండేది. రోజంతా గొలుసులు తుడిచే మనిషి మెడలో పసుపుతాడు ఒక్కటే ఉండేది. "మనం చేసే బంగారం సంగతి మనకి తెలీదా ఏంటే?" అని నవ్వేది.

ఆవిడ నీళ్లు తాగడం చూడాలి. గ్లాసు ఇస్తే గ్లాసుతో తాగేది కాదు. ముందు కుడి అరచేతిలోకి కాసిని ఒంపుకుని, వాసన చూసి, నోట్లో పోసుకుని కళ్లు మూసుకునేది. బుగ్గలు కదలవు. నాలుక మాత్రం లోపల ఏదో వెతుకుతున్నట్టు తెలిసేది. అప్పుడు ఎడం పక్కకి తుపుక్కున ఉమ్మి తీర్పు చెప్పేది. "ఇవి కాలవ నీళ్లు, కొత్తగా వదిలినవి, ఇంకా ఒండ్రు దిగలేదు." "ఇది చెరువు. గేదెలు దిగుతున్నాయి, కాసుకుని తాగండి." అన్నిటికన్నా పెద్ద తీర్పులు రెండు: పప్పు ఉడుకుతుంది, పప్పు ఉడకదు. ఉప్పునీళ్లలో కందిపప్పు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొయ్యి మీదున్నా పలుకు పలుకుగానే ఉంటుంది. ఈ సంగతి మా ప్రాంతంలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. అందుకే పెళ్లిళ్లకి పొయ్యి వెలిగించే ముందు వంటవాళ్లు పిన్నికి కబురు పెట్టేవాళ్లు. ఆవిడ వచ్చి, చెయ్యి చాపి, రుచి చూసి, ఉడుకుతుంది అంటేనే గుండిగ పొయ్యెక్కేది.

ఆ గౌరవం చూసుకుని ఆవిడకి కాస్త గర్వం కూడా ఉండేది, కాదనను. ఎవరికి సంబంధం కుదిరినా పిల్లాడి ఉద్యోగం అడిగేది కాదు. "ఆ ఊళ్లో నీళ్లెలా ఉంటాయంట?" అని అడిగేది. నా పెళ్లికి గుడివాడ వచ్చినప్పుడు మా అత్తగారిని పలకరించకుండా తిన్నగా వంటపందిట్లోకి నడిచింది. తిరిగొచ్చి, పెళ్లిపీటల మీద ఉన్న నా చెవి దగ్గర వంగి, "ఉడుకుద్దిలే. కాపరం చేసుకో" అంది. మా ఆయన ఇప్పటికీ ఆ మాట చెప్పి నన్ను ఏడిపిస్తుంటాడు.

ఇక ఫ్యాక్టరీ సంగతి. అక్కడ నేను చెవిపోగులు అట్టలకి గుచ్చే పని చేసేదాన్ని. పిన్ని గొలుసులు తుడిచి ఆరబెట్టేది. తాగడానికి మున్సిపాలిటీ కుళాయి ఉండేది గానీ అది రోజు విడిచి రోజు వచ్చేది, వేసవిలో ఉప్పగా వచ్చేది. ఎవరి సీసా వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకునేవాళ్లం. ఆడవాళ్లు నీళ్ల కోసం గొడవ పెడితే ఓనరుగారు పెరట్లో బోరు వేయించారు. మా దగ్గర లోతుకి వెళ్లే కొద్దీ ఉప్పు. మంచినీళ్లు పైపైనే, పలుచటి పొరలా ఉంటాయి. అందుకని ఆ బోరు కూడా పైపైనే వేశారు. కొబ్బరికాయ కొట్టి, మొదటి నీళ్లు పిన్ని చేతిలో పోశారు.

"అడుగున కాస్త ఉప్పుంది. పర్లేదు, తోడగా తోడగా బాగుపడతాయి" అంది పిన్ని.

కొత్త బావి తోడే కొద్దీ తీపెక్కుతుందని మావాళ్లందరి నమ్మకం. ఆ సాయంత్రం అక్కడే పప్పు పెట్టారు. ఉడికింది. అందరం తిన్నాం.

నిజంగానే తోడే కొద్దీ నీళ్లలో ఉప్పు తగ్గినట్టనిపించింది. రెండో వేసవికి తియ్యగా అయిపోయాయి. పిన్ని ఆనందం చూడాలి! తనే తవ్వించినంత సంబరం. "చూశారా, నేను చెప్పలా? తాగండర్రా, ఇట్టాంటి నీళ్లు మళ్లీ దొరకవు" అని పని మధ్యలో లేచి చెంబుతో తిరిగేది. సాయంత్రం గేటు దాటేటప్పుడు అందరి చేతుల్లోనూ సీసాలు, టిఫిన్ క్యారియర్లు, నూనె క్యాన్లు. ఖాళీగా ఇంటికి వెళ్లిన మనిషి లేదు.

ఆ తీపి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు చెప్తాను. గొలుసుకి బంగారు పూత పట్టాలంటే ముందు దాని జిడ్డు వదలాలి. అందుకోసం డ్రమ్ముల్లో ఒక ద్రావకం వచ్చేది. మేం దాన్ని మందు అనేవాళ్లం. గొలుసులు అందులో ముంచి తీస్తే చిటికెలో జిడ్డు పోయి, చిటికెలో ఆరిపోయేవి. దాని వాసన కూడా తియ్యగానే ఉండేది. ఎక్కువసేపు పీలిస్తే తల తిరిగేది, నవ్వొచ్చేది. వాడి వాడి నల్లబడిన మందుని షెడ్డు వెనక గోతిలో పోసేవాళ్లు. పోసింది పోసినట్టు ఇంకిపోయేది, గొయ్యి ఎప్పుడూ నిండేది కాదు. "మన నేల మంచిదయ్యా, ఎంత పోసినా తాగేస్తుంది" అని ఓనరుగారు మెచ్చుకునేవారు. నేల తాగింది. మేం నేలని తాగాం. ఆ గోతికీ బోరుకీ మధ్య కేక పెట్టేటంత దూరం కూడా లేదు, చెయ్యి చాపితే అందేటంత దగ్గర. వాసన తెలియలేదా అని ఇప్పుడు అడుగుతారు. ఆ వాసన మా చీరల్లో ఉండేది, జడల్లో ఉండేది, అన్నం ముద్దలో ఉండేది. నీళ్లలో కొత్తగా ఏం తెలుస్తుంది?

నా పక్కన కూర్చుని అట్టలు గుచ్చే అమ్మాయి ఒకతె పెడన నుంచి వచ్చేది. నేతపనివాళ్ల పిల్ల. సన్నగా, మాట పెగలనట్టు ఉండేది. పిన్నికి ఆ పిల్లంటే ప్రాణం. "మగ్గం గుంట పక్కన పెరిగావు, ఒంట్లో నెత్తురు చుక్క లేదు, తాగవే" అని బలవంతాన తాగించేది. ఆ పిల్లకి కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు, ఆకు పసరు మింగించారు. తగ్గలేదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి లివరు పాడైపోయిందన్నారు. ఆ డాక్టరెవరో గానీ మహానుభావుడు, ఎక్కడ పని చేస్తావమ్మా, ఏం నీళ్లు తాగుతావమ్మా అని అడిగాడట. నీళ్లు తెప్పించి పరీక్షకి పంపించాడు. అందులో మా మందు ఉందని తేలింది. ఆ కబురు వచ్చిన వారానికే పిల్ల పోయింది.

అప్పుడు అధికార్లు జీపులో దిగారు. షెడ్డులో కుర్చీలు వేశారు. మమ్మల్ని గోడ పక్కన నిలబెట్టారు. ఓనరుగారు చేతులు కట్టుకుని, కొత్త అల్లుడిలా ఒద్దికగా నిలబడ్డారు.

"మా దగ్గర దాపరికం ఏవీ లేదండి. మా పిన్నిగార్ని అడగండి. బందర్లో పెళ్లిళ్లకి కూడా నీళ్లు రుచి చూసి చెప్పేది ఆవిడేనండి. ఈ బోరు నీళ్లు బాగున్నాయని మొట్టమొదట చెప్పింది ఆవిడే. ఆవిడ మాట మీదే మేవందరం తాగాం" అన్నారు.

ఆయన పిన్నిని గారు అనడం నేను వినడం అదే మొదలు, అదే చివర. ఆయన ఆ బోరు నీళ్లు తాగడం మాత్రం ఒక్కనాడూ చూడలేదు. ఆయన గదిలో వేరే సీసాలుండేవి.

"ఏమ్మా, నువ్వే చెప్పావా?" అన్నాడు కుర్చీలో పెద్దాయన.

పిన్ని ముందుకు వచ్చింది. కొంగు భుజం చుట్టూ తిప్పి నడుం దగ్గర దోపుకుంది. కాదంటే ఉద్యోగం పోతుంది, అవునంటే నేరం నెత్తికొస్తుంది. ఇంతేనని మాకందరికీ తెలుసు. ఆవిడ ముక్కుసూటిగా నిజమే చెప్పింది.

"నేనే చెప్పానండి. నేను పుట్టి బుద్ధెరిగాక అంత తియ్యటి నీళ్లు తాగలేదండి. మాది దివిసీవండి, ఉప్పునీళ్లు తాగి పెరిగిన నోరు. నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పుందా లేదా అనే చూస్తానండి. ఇంకోటి ఏదన్నా ఉంటదని నాకు తట్టలేదు. నా నాలుక తప్పింది. నా నాలుకని కోసెయ్యండి, కాదనను. కానండి, ఆ గోతిలో పోసినోళ్లకి మాత్రం తెలుసండి అందులో ఏం పోస్తన్నారో. ఆళ్లనడగండి."

పెద్దాయన మొదటి మాట దాకా శ్రద్ధగా విన్నాడు. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి కూల్‌డ్రింకులు వచ్చాయి. సీసాల మూతలు తీస్తున్న చప్పుడులో గోతి సంగతి కొట్టుకుపోయింది. అందరూ తాగారు. ఆ బోరు నీళ్లు మాత్రం ఎవరూ అడగలేదు.

తర్వాత ఏమైందంటే, ఏమీ కాలేదు. బోరు మీద సిమెంటు పలక వేశారు. గోతిని పూడ్చి గన్నేరు మొక్కలు నాటారు. ఫ్యాక్టరీ కొన్నాళ్లు మూతపడి, ఇంకో సందులో ఇంకో పేరుతో తెరుచుకుంది. మాలో పాతవాళ్లనెవరినీ పెట్టుకోలేదు. ఊళ్లో మిగిలిన కథ ఒక్కటే: "ఆ ఫ్యాక్టరీలో ఒక ముసల్ది ఉండేదంట, విషం నీళ్లని అమృతం అని అందరి చేతా తాగించిందంట." ఓనరుగారి పప్పులు ఎంత చక్కగా ఉడికాయో చూడండి. పిన్నికి పెళ్లి వంటల దగ్గర నుంచి కబుర్లు ఆగిపోయాయి. పిలిచినా ఆవిడ వెళ్లేది కాదనుకోండి.

ఆ పిల్ల పోయాక పిన్ని నన్ను వెంటబెట్టుకుని పెడన వెళ్లింది. "నేను ఒక్కదాన్ని వెళ్లలేనే, మధ్యలోనే దిగిపోతాను" అంది. ఆ ఇంట్లో మగ్గం ముందు గదిలోనే ఉంది. పిల్ల తల్లి నేత ఆపి లేచి, మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, ముందుగా మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు నీళ్లే కదా. పిన్ని ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. అరచేతిలో ఒంపుకోలేదు, వాసన చూడలేదు. అలా పట్టుకునే కూర్చుంది.

"తాగండి, మున్సిపాలిటీ నీళ్లేనండి" అంది తల్లి.

"అమ్మా, మీ పిల్లకి ఆ నీళ్లు మంచియ్యని చెప్పింది నేనమ్మా. వద్దంటున్నా పోశాను" అంది పిన్ని.

ఆ తల్లి కోప్పడుతుందని, జుట్టు పట్టుకుని బయటికి గెంటుతుందని నేను సిద్ధపడి కూర్చున్నాను. ఆవిడ మగ్గం వైపు తిరిగింది.

"తెలుసండి. పిల్ల రోజూ చెప్పేది, మా పిన్ని మంచియ్యంటే ఇంక తిరుగులేదమ్మా అని. ఎండాకాలం మా కుళాయి ఉప్పొస్తుంది కదండీ, సాయంత్రం వస్తా వస్తా క్యాను నింపుకొచ్చేది. వాళ్ల నాన్నా నేనూ అయ్యే తాగేవాళ్లం. చిన్నోడి పాల డబ్బాలో కూడా అయ్యే కలిపేదాన్ని" అంది.

అంతే అంది. పిన్నిని ఒక్క మాట అనలేదు. మగ్గం పక్కన పీట మీద చిన్నవాడు దారం ఉండలతో ఆడుకుంటున్నాడు. పిన్ని వాణ్ణి చూసింది. తర్వాత చేతిలో గ్లాసు ఎత్తి గడగడా తాగేసింది. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా కోపం ఆగడం లేదు. ఆ ఇంటి గడప తొక్కవలసినవాళ్లు కార్లలో తిరుగుతున్నారు. తొక్కింది ఈ ఒక్క మనిషి.

ఆ తర్వాత ఆవిడ మరి కొన్ని ఇళ్లకి వెళ్లిందని విన్నాను. ఒక ఇంట్లో తలుపు తియ్యలేదట. ఒక ఇంట్లో తిట్టారట. "తిట్టిన చోటే బాగుందే" అంది నాతో.

చివరికి ఆవిడ కిడ్నీలు పోయాయి. డాక్టర్లు షుగరు అన్నారు, బీపీ అన్నారు. అయ్యుండవచ్చు. కాదని నిరూపించడానికి నా దగ్గరేముంది? నాకు ఇంతవరకు ఏమీ కాలేదు గానీ, రక్తపరీక్షకి చెయ్యి చాపిన ప్రతిసారీ ఆ బోరే గుర్తొస్తుంది. రక్తం శుద్ధి చేయించుకునే వాళ్లకి నీళ్లు కొలిచి ఇస్తారు. జీవితమంతా నీళ్ల కోసం తిరిగిన మనిషికి రోజంతటికీ ఒక చిన్న స్టీలు గ్లాసుడు. ఆఖరిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు ఆవిడ అందులోంచి కాసిని అరచేతిలో ఒంపుకుని, పాత పద్ధతిలో నోట్లో ఉంచుకుని కళ్లు మూసుకుంది. ఉమ్మలేదు. మింగింది.

నవ్విద్దామని, "ఏ ఊరి నీళ్లు పిన్నీ?" అన్నాను.

"నన్నడక్కే. ఇప్పుడు నీళ్లన్నీ మిషనులోంచి వస్తన్నాయి, దేనికీ ఊరు లేదు. ఒకటి మాత్రం చెప్తాను విను. చిన్నప్పుడు మా ఊరి ఉప్పునీళ్లని ఎన్ని తిట్లు తిట్టానో. అయ్యే నయమే అమ్మాయ్. నోట్లో పెట్టగానే నేను ఉప్పునని చెప్పేసేయి. తాగాలో మానాలో మనిష్టం" అంది.

పెద్దకర్మ నాడు నేను క్యాన్ల దగ్గరే నిలబడి ఉండటం చూసి పిన్ని కూతురు వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. దాని మీద విరుచుకుపడ్డాను.

"ఎవరి నీళ్లో తెలిసే తెప్పించావా?"

"తెలుసక్కా. తెలీకపోవడమేంటి? మరి ఏం చెయ్యమంటావ్? కాలవ కట్టేశారు, కుళాయి ఉప్పొస్తంది. ఈ పేటలో అందరికీ ఈళ్లే వేస్తారు, ఇంకో ప్లాంటు లేదు. ఇంతమందికి నేను ఏ నీళ్లు పొయ్యను? పప్పెలా ఉడకాలి?" అంది.

లోపలికి వెళ్లాను. గదిలో పిన్ని ఫొటో ముందు ఆకు వేసి, ఆవిడకి ఇష్టమైనవన్నీ వడ్డించారు. చేపల పులుసు, గారెలు, అన్నం మీద పప్పు. పక్కనే గ్లాసు నిండా నీళ్లు. ఏ క్యానులోంచి పట్టారో అడగక్కర్లేదు. ఫొటోలో పిన్ని ఎవరినో ఏదో అడగబోతున్నట్టుంది.

ఆ గ్లాసు తీసుకుని పెరట్లోకి వెళ్లి పారబోశాను. అక్కడ అంట్లకి, బట్టలకి వాడే చేతిపంపు ఉంది. కొట్టి, ముందు అరచేతిలో పట్టి నోట్లో పోసుకున్నాను. నాలుక మీద పడీ పడగానే ఉప్పు. ఉమ్మేశాను. గ్లాసు కడిగి, ఆ నీళ్లే నింపి తెచ్చి ఫొటో ముందు పెట్టాను.

గుమ్మంలో నిలబడి పిన్ని కూతురు చూస్తోంది.

"అయి ఉప్పునీళ్లక్కా" అంది.

"అవునే. మీ అమ్మకి తెలుస్తుందిలే" అన్నాను.

బయట మొదటి బంతి కూర్చుంది. పప్పు వెన్నలా ఉడికిందని ఎవరో మెచ్చుకుంటున్నారు.